రెండుసార్లు కూలిన సమాధులు

జాఫ్నా నగరానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో కోపాయ్ అనే ఊరు ఉంది. 2011 మార్చిలో శ్రీలంక సైన్యపు 51వ డివిజన్ ప్రధాన కార్యాలయం అక్కడ కొత్త భవనాలలో ప్రారంభమయింది. ఆ భవనాలు నిలిచిన నేల అంతకు కొంతకాలం క్రితం వరకు సమాధులతో నిండి ఉండేది. అంతర్యుద్ధంలో మరణించిన తమిళ పులులను అక్కడే పూడ్చిపెట్టారు. 1995లో సైన్యం జాఫ్నాను వశపరచుకున్న తరువాత ఆ సమాధులు ఒకసారి నేలమట్టమయ్యాయి. 2002 నాటి కాల్పుల విరమణతో మళ్లీ లేచాయి. 2009 మేలో యుద్ధం ముగిశాక బుల్డోజర్లు వాటిని రెండోసారి చదును చేశాయి. ఉత్తర, తూర్పు ప్రాంతాలలోని ఇతర శ్మశానవాటికలకూ అదే గతి పట్టింది.

తమిళులు వీటిని ‘తుయిలుం ఇల్లం’ అంటారు. నిద్రించే ఇల్లు అని అర్థం. పులులలో అధికులు హిందూ కుటుంబాల పిల్లలే. శవాన్ని దహనం చేయడమే ఆ కుటుంబాల ఆచారం. ఉద్యమం కూడా తొలినాళ్లలో దానినే పాటించి, 1991 నుంచి ఖననానికి మళ్లింది. పూడ్చిపెట్టామని కాక, విత్తామని చెప్పింది. ఆ మాటలోని రాజకీయం స్పష్టమే. విత్తనం మొలకెత్తాలి, అంటే మరికొందరు ఆయుధం పట్టాలి. దేహం దొరకని వారికి ‘నడుకల్’ నిలిపారు. తెలుగు నేలపై దానిని వీరగల్లు అంటాం.

ఈ కారణంగా కొలంబో పాలకుల వాదనను తేలికగా తోసిపుచ్చడానికి వీలులేదు. ఆ సంస్థ బాలలను సైన్యంలో చేర్చుకుంది. ఆత్మాహుతి దాడిని ఒక యుద్ధవిద్యగా మార్చింది. 1990 అక్టోబరులో జాఫ్నా ముస్లింలను కట్టుబట్టలతో వెళ్లగొట్టింది. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని హత్య చేసింది. తనతో విభేదించిన తమిళ నాయకులను సైతం బతకనివ్వలేదు. అటువంటి సంస్థ కట్టించిన స్మారకాలు ఆ సంస్థ ప్రచారానికే పనికివస్తాయని, వాటిని ఉంచితే యుద్ధం తిరిగి మొలకెత్తుతుందని ప్రభుత్వం భావించింది.

అయితే ఆ సమాధులలో ఉన్నది సంస్థ కాదు, పిల్లలు. వారిలో కొందరు నమ్మకంతో వెళ్లారు, కొందరు కసితో వెళ్లారు. యుద్ధపు చివరి సంవత్సరాలలో ఇంటికొకరు రావలసిందేనన్న ఆజ్ఞకు బలై, ఏడుస్తూ వెళ్లినవారూ ఉన్నారు. తన బిడ్డను లాక్కుపోయిన సంస్థను శపించే తల్లికి కూడా, ఆ బిడ్డ కోసం ఏడవడానికి మిగిలింది ఆ రాయి ఒక్కటే. రాజ్యం ఆ రాయిని పెకలించినపుడు సంస్థకు కలిగిన నష్టమేమీ లేదు, అది అప్పటికే నశించింది. నష్టపోయింది ఆ తల్లి. మృతులను గౌరవంగా సాగనంపాలని, వారి సమాధులను కాపాడాలని సంప్రదాయ అంతర్జాతీయ మానవతా చట్టం చెబుతుంది. అంతర్యుద్ధాలకు కూడా అది వర్తిస్తుంది. గెలిచినవారికి మినహాయింపు లేదు.

శ్రీలంక దక్షిణాదిలో ఇదే ప్రశ్నకు వేరొక జవాబు దొరుకుతుంది. జనతా విముక్తి పెరమున 1971లో ఒకసారి, 1987-89లో మరొకసారి రాజ్యంపై ఆయుధం ఎత్తింది. రెండోసారి ఎందరో రాజకీయ ప్రత్యర్థులను హతమార్చింది. రాజ్యం అంతకంటె క్రూరంగా వేలాది సింహళ యువకులను తుదముట్టించింది. ఆ పార్టీ నాయకుడు రోహణ విజేవీర 1989 నవంబరు 13న హతుడయ్యాడు. ఏటా ఆ తేదీన పార్టీ తన అమరులను బహిరంగంగా స్మరించుకుంటుంది. ఆ స్మరణ వల్ల మూడో తిరుగుబాటు రాలేదు. పైగా అదే పార్టీ నాయకుడు అనుర కుమార దిసనాయకె 2024 సెప్టెంబరులో ఓట్లతో అధ్యక్షుడయ్యాడు. ఆ తేదీకి సరిగ్గా రెండు వారాల తరువాత, నవంబరు 27న, తమిళులు తమ వారిని తలచుకుంటారు. ఒకే నెలలో ఒకే దేశపు పౌరులు చేసే ఈ రెండు స్మరణలలో ఒకటి స్వేచ్ఛగా సాగింది, రెండవది ఏళ్ల తరబడి పోలీసుల నిఘాలో సాగింది.

భారతదేశానికీ ఇందులో ఒక పాఠం ఉంది. 1987లో వెళ్లిన శాంతి పరిరక్షక దళం సుమారు 1,200 మంది సైనికులను ఆ ద్వీపంలో పోగొట్టుకుని 1990 మార్చిలో తిరిగివచ్చింది. మద్రాసు రేవులో జరిగిన స్వాగత సభకు నాటి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. ఆ దళాన్ని వెళ్లిపొమ్మన్నది శ్రీలంక ప్రభుత్వమే. అయినా తరువాతి కాలంలో కొలంబో శివార్లలో, పార్లమెంటుకు సమీపాన, ఆ సైనికులకు స్మారకం వెలసింది. తాను వద్దన్న పరాయి సైన్యపు మృతులకు చోటివ్వగలిగిన దేశానికి, తన పౌరుల పిల్లలకు చోటివ్వడం అసాధ్యమేమీ కాదు.

దాయాదుల పోరు తెలుగువారికి కొత్త కాదు. 12వ శతాబ్దిలో మాచర్ల, గురజాల పక్షాలు కారెంపూడి వద్ద తలపడి నశించాయి. నాగులేటి ఒడ్డున ఉన్న వీరుల గుడిలో నేటికీ ఏటా కార్తిక అమావాస్యకు ఉత్సవం జరుగుతుంది. వీరుల ఆయుధాలను ఊరేగిస్తారు, కథ పాడతారు. ఆ కథ విన్నవారెవరూ గురజాల మీదికి దండెత్తలేదు. ఏడవడానికి, పాడడానికి చోటు ఉండబట్టే ఆ పగ కథగా మారగలిగింది.

2016 నుంచి కిళినొచ్చిలోని కనగపురం వంటి చోట్ల ప్రజలు స్వయంగా పొదలు నరికి, విరిగిన సమాధి రాళ్లను ఏరి కుప్పగా పేర్చారు. ఏ రాయి ఎవరిదో ఇప్పుడు గుర్తించడం కష్టం. నవంబరు 27 సాయంత్రం 6 గంటల 5 నిమిషాలకు గంట మోగుతుంది, దీపాలు వెలుగుతాయి. ఆ నెలలోనే విరబూసే ఎర్రని అడవినాభి పూలను దీపాల పక్కన ఉంచుతారు. కోపాయ్‌లో మాత్రం పాత వాటికలోకి అడుగుపెట్టే వీలులేదు. అక్కడి కుటుంబాలు సైనిక శిబిరం వెలుపలనే ప్రమిదలు వెలిగించుకుంటాయి.

ఆ శిబిరంలో కాపలా కాసే సైనికుడు కూడా చాలావరకు దక్షిణాదిలోని ఏదో పేద రైతు ఇంటివాడే. యుద్ధంలో గల్లంతైన సింహళ సైనికులు వేలల్లో ఉన్నారు. వారి తల్లులకు కూడా దేహాలు దక్కలేదు, సమాధులు లేవు. విజయ స్తంభాలు ఎన్ని కట్టినా ఆ లోటు తీరదు. కోపాయ్ నేలను ఖాళీ చేసి ఇవ్వడం పులులకు లొంగిపోవడం కాదు. ఆ కంచెకు ఇటూ అటూ ఉన్న తల్లుల దుఃఖం ఒక్కటేనని రాజ్యం ఒప్పుకోవడం మాత్రమే.