వామనగుంటల పీట

మన పెద్దల యిండ్లలో నిత్యము కంటబడుచుండిన వస్తువులు పెక్కు నేడు పేరునకైనను మిగులలేదు. పనికై యుండినవి పోయినచో అంతగా చింతింప బనిలేదు. తిరుగలి పోయినను పిండి దొరకుచునే యున్నది. కాని కాలక్షేపమునకై యుండిన వస్తువు పోయినచో దానితో నొక విద్యయు, నొక స్నేహమును గూడ పోవును. అట్టివానిలో వామనగుంటల పీట యొకటి.

ఈ కాలపు బాలికలు పలువురు దీనిని చూచియుండరు. ఇది రెండు వరుసలుగా ఏడేసి, వెరసి 14 గుంటలు తొలచిన కొయ్యపలక. చేప యాకారమున చెక్కి, నడుమ బందువేసి మడచుటకు వీలుగా చేసినవియు గలవు. పీట లేనివారు ఇసుకలోనే గుంటలు చేసికొనెడివారు. గింజలకు చింతపిక్కలు చాలును. గోదావరి పొంగి లంకలకు రాకపోకలు నిలిచిన దినములలో, కోనసీమ వసారాలలో ఈ పిక్కల చప్పుడే వినబడెడిదని మా అత్తగారు చెప్పుదురు.

గుంటకు నాలుగేసియో అయిదేసియో గింజలుంచి, ఇరువురు ఎదురెదురుగా గూర్చుండవలెను. తనవైపు గుంట నొకదానిని ఖాళీచేసి, ముందరి గుంటలలో ఒక్కొక్క గింజ వేయుచు పోవలెను. చేతిలోనివి ముగిసినంతనే తరువాతి గుంటలోనివి తీసి మరల పంచవలెను. ఆ గుంట వట్టిదైనచో, దాని యావలి గుంటలోనివి గెలుపు. ఇంటినిబట్టి నియమములు కొంచెము మాఱును. చూపునకు పసిపిల్లల యాటవలె నుండునుగాని, ఏ గుంట నెత్తిన చేయి యెచ్చట నిలుచునో ముందుగా లెక్కింపనివారు గెలువజాలరు. బడిముఖ మెఱుగని మన యవ్వలెందఱో లెక్కయు, ముందుచూపును ఈ పీటకడనే యలవఱచుకొనిరి.

ఇది మన యొక్కరి సొత్తు కాదు. అఱవవారు దీనిని పల్లాంగుళి యందురు. కన్నడిగులు అళిగుళిమణె యందురు. ఆఫ్రికా ఖండమున ఇట్టి యాటలు పెక్కు గలవు. వానిలో 12 గుంటలు, 48 గింజలు గల అవారి యను నాటను 2002లో ఆమ్‌స్టర్‌డాం నగరమందలి జాన్ రోమైన్, హెన్రి బాల్ అను శాస్త్రజ్ఞులు, 144 ప్రాసెసర్లుగల కంప్యూటరుతో తుదివఱకు శోధించిరి. ఇరువురును తప్పు చేయక ఆడినచో ఆట సమానముగనే ముగియునని తేలినది. కజకస్తాను, కిర్గిజిస్తాను, తుర్కీ దేశములలోని ఇట్టి యాటలను 2020లో యునెస్కో మానవజాతి వారసత్వముల పట్టికలో జేర్చినది. మనము చింతపిక్కలని త్రోసివేసిన దానికి లోకమున ఇంత గౌరవమున్నది!

మొన్న అమలాపురమున మా బంధువుల యింట నొక పీట చూచితిని. దానికి వార్నీషు పూసి, అద్దాల బీరువాలో అలంకారముగా నిలిపినారు. ఆ యింటి పెద్దమ్మగారికి ఎనుబది దాటినవి. ఎవరితోను ఎక్కువగా మాటలాడరు. నేను పీటను దింపి, వంటింటినుండి పిక్కలు తెచ్చి, వారి యెదుట గూర్చుంటిని. వారు గింజలను వేలితో లెక్కింపనే లేదు, చూపుతోనే తెలిసికొనిరి. వరుసగా మూడాటలు గెలిచి, తమ పుట్టినింటి ముచ్చటలు రెండుగంటలు చెప్పిరి. "ఆట మఱచితిరేమో యనుకొంటిని, పెద్దమ్మగారూ!" అంటిని. "మఱవలేదమ్మా, ఎదుట గూర్చుండువారు లేరు" అనిరి.

నేడీ యాట చేతిఫోనులో గూడ దొరకును. కాని యంత్రము గింజలను పంచునేగాని, ఓడినప్పుడు నవ్వదు; నడుమ పుట్టింటి మాట యడుగదు. కొయ్యను బీరువాలో దాచినంతమాత్రమున ఆట నిలువదు.

కావున సోదరీమణులారా! ఈసారి చింతకాయలు కొట్టించినప్పుడు పిక్కలు కొన్ని కడిగి యుంచుడు. పీట లేకున్నచో నేలపై సుద్దతో 14 గడులు గీయుడు. మీ యింట పెద్దవారున్నచో బాలికను వారి యెదుట గూర్చుండబెట్టుడు. నేర్పుటకు వారింకను మనకు మిగిలియున్నారు. ఆలసించినచో పీటలు మాత్రమే మిగులును.