నాన్న లెక్కలూ, నా ఫోర్‌హ్యాండూ

హాస్టల్లో ఉన్న రోజుల్లో టేబుల్ టెన్నిస్‌లో నేను పేద్ద ఆటగాణ్ణని నా నమ్మకం. నాలుగేళ్ళలో మా బ్లాకులో నన్ను ఓడించినవాడు లేడు మరి. (మా బ్లాకులో టీటీ ఆడేవాళ్ళు మొత్తం ఏడుగురు. ఆ సంగతి ఇప్పుడెందుకులెండి.) ఇక్కడికొచ్చి మాస్టర్స్ చేసినన్నాళ్ళూ, ఆ తర్వాత ఉద్యోగంలోనూ అదే వైభవం కొనసాగింది. కన్సల్టెంట్ బతుకు కదా, ఏడాదికో క్లయింటు, క్లయింటుకో బ్రేక్ రూము, అందులో ఒక టేబులూ, దాని చుట్టూ సరదాకి ఆడే నలుగురూ. నా ఫోర్‌హ్యాండ్ స్మాష్ చూసి వాళ్ళు "ఓహ్" అనేవాళ్ళు. నాకు అది చాలు.

కిందటేడు డాలస్ పక్కన ప్లేనోకి మారాక, శుక్రవారం సాయంత్రాలు ఒక క్లబ్బులో లీగ్ ఆడతారని తెలిసి వెళ్ళాను. మొదటి మ్యాచ్ ఒక చైనా వాళ్ళ పాపతో. పదేళ్ళుంటాయేమో. పాపం చిన్నపిల్ల, మరీ గట్టిగా కొట్టకూడదు అనుకుంటూ మొదలెట్టాను. 11-3, 11-4, 11-2. ఆఖరి గేములో ఆ రెండు పాయింట్లు కూడా బంతి నెట్ అంచుకి తగిలి దొర్లితే వచ్చినవే. ఆ పిల్ల బుద్ధిగా వచ్చి చెయ్యి కలిపి, వెళ్ళి వాళ్ళమ్మ పక్కన కూచుని హోంవర్క్ తీసింది.

ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. తలుచుకున్నకొద్దీ అర్థమైందేమిటంటే, ఆ పాప నాకంటే గట్టిగా ఏమీ కొట్టలేదు. ప్రతి బంతీ నా కుడి మోచేతి మీదికి పంపింది, అంతే. అక్కడికొచ్చిన బంతిని ఫోర్‌హ్యాండ్‌తో ఆడాలా బ్యాక్‌హ్యాండ్‌తో ఆడాలా అని తేల్చుకునేలోపే అది వెనక గోడకి తగిలేది. పదిహేనేళ్ళుగా ఆడుతున్నానన్న మాటే గానీ, ప్రాక్టీసన్నది ఒక్కరోజూ చెయ్యలేదు. ఊరికే గేములు ఆడుతూ పోతే వచ్చిన షాటే వెయ్యిసార్లు కొడతాం. రాని షాటుని తప్పించుకు తిరగడం మాత్రం బ్రహ్మాండంగా అలవాటవుతుంది.

అదే నెలలో అమ్మా నాన్నా గుంటూరు నుంచి వచ్చారు. నాన్న బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరయ్యారు. రెండు వారాలు కొత్త మోజులో గడిచాయి గానీ, ఆ తర్వాత కిటికీ దగ్గర నిలబడి "ఈ రోడ్డు మీద మనిషన్నవాడే కనపడడేంట్రా" అనడం మొదలైంది. ఓరోజు ఉండబట్టలేక అడిగాను, "నాన్నా, క్లబ్‌హౌస్‌లో నాకు కాస్త బంతులు విసిరిపెడతారా?"

దీన్ని మల్టీబాల్ అంటారు. ఇవతల ఆడేవాడు, అవతల బంతుల బుట్టతో ఇంకొకరు. ఒక బంతి కొట్టగానే ఇంకోటి వచ్చి పడుతుంది. మామూలు ఆటలో సగం టైము బంతి ఏరుకోవడానికే పోతుంది కదా, ఇందులో పది నిమిషాలకి చొక్కా పిండుకోవాల్సిందే. విసిరేవాళ్ళు బ్యాట్‌తో ఆడిస్తే మంచిది, రాకపోతే చేత్తో విసిరినా మొదట్లో సరిపోతుంది. వంద బంతులు కొని, బట్టల బుట్టలో పోసి పట్టుకెళ్తుంటే అమ్మ, "గుడ్లు ఎక్కడికిరా?" అంది.

మొదటిరోజు నాన్న రెండు బంతులు విసిరి ఆగిపోయారు. "ఎన్ని పడ్డాయో ఎలా తెలుస్తుంది?" అని ప్రశ్న. తెలియక్కర్లేదు నాన్నా, ప్రాక్టీసే అన్నాను. మర్నాడు చొక్కా జేబులో చిన్న పుస్తకం, పెన్నుతో వచ్చారు. యాభై బంతులు విసరడం, ఎన్ని టేబుల్ మీద పడ్డాయో రాయడం. కదలకుండా నిలబడి కొట్టే ఫోర్‌హ్యాండ్, యాభైకి నలభై ఆరు. బ్యాక్‌హ్యాండ్ ముప్ఫై ఎనిమిది. నేను కాలరెగరేశాను.

అప్పుడు ఫాల్కెన్‌బెర్గ్ మొదలెట్టాం. ఇది స్వీడన్‌లో ఆ పేరుగల ఊరి క్లబ్బు నుంచి వచ్చిన డ్రిల్లు. 1971లో ప్రపంచ ఛాంపియన్ అయిన స్టెలాన్ బెంగ్ట్‌సన్ ఆ ఊరివాడే. చెప్పడానికి చాలా తేలిక. మొదటి బంతి ఎడమ మూలకి, బ్యాక్‌హ్యాండ్‌తో కొట్టాలి. రెండోది కూడా ఎడమ మూలకే, కానీ ఈసారి పక్కకి జరిగి ఫోర్‌హ్యాండ్‌తో కొట్టాలి. మూడోది కుడి మూలకి, పరిగెత్తి ఫోర్‌హ్యాండ్. మళ్ళీ వెనక్కి ఎడమ మూలకి. టేబుల్ వెడల్పు 1.525 మీటర్లు, అంటే ఐదడుగులు. ఐదడుగులేగా అనుకుంటాం! నాన్న పుస్తకంలో పడిన అంకె, యాభైకి పంతొమ్మిది. యూనిట్ టెస్టులన్నీ పాసై, ఇంటిగ్రేషన్లో కుప్పకూలే కోడ్ రాసినవాళ్ళకి నా బాధ అర్థమవుతుంది.

నాన్న పుస్తకం మూసి, "చెయ్యి బానే ఉందిరా. కాళ్ళే, మా బ్యాంకులో పెన్షన్ల రోజు క్యూలో నిలబడ్డట్టు నిలబడుతున్నాయి," అన్నారు.

రాత్రి నాన్నకి మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ వీడియోలు పెట్టి చూపించాను. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రీక్వార్టర్స్ దాకా వెళ్ళింది కదా. నేను ఆ అమ్మాయి బ్యాట్ చూస్తుంటే, నాన్న మాత్రం "కింద చూడు, కింద చూడు" అంటూ కాళ్ళే చూశారు. బంతి కొట్టాక ఊరికే ఉండదు, రెండు పాదాల మీదా చిన్నగా ఎగురుతూ మళ్ళీ సిద్ధంగా ఉంటుంది.

అప్పటినుంచి పద్ధతి మార్చాం. ముందు బంతి లేకుండా, అద్దాల తలుపు ముందు ఆ మూడు అడుగులూ నెమ్మదిగా వెయ్యడం. (పక్కింటి అమెరికన్ ఆవిడ ఇదేదో మన డాన్స్ అనుకుంది.) తర్వాత నెమ్మదిగా వచ్చే బంతి. యాభైకి నలభై పడేదాకా వేగం పెంచేది లేదని నాన్న షరతు. "కట్టలో ఒక్క నోటు తేడా వచ్చినా మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టేవాణ్ణి" అట. పంతొమ్మిది నలభై కావడానికి అయిదు వారాలు పట్టింది. ఒళ్ళు సహకరించదు, ముప్ఫై ఏడేళ్ళొచ్చాయి. మోకాళ్ళకి ఐసు పెట్టుకుని మర్నాడు స్టేటస్ మీటింగులో కుంటుతూ కూచున్న రోజులున్నాయి.

సర్వీసుకి ఎవరి సాయమూ అక్కర్లేదు. అవతల మూలలో తెల్లకాగితం పరిచి, దానిమీద పడేలా రోజుకి వంద. అరిచేతిలోంచి బంతి కనీసం 16 సెంటీమీటర్లు పైకి ఎగరెయ్యాలి. బ్రేక్ రూముల్లో నేను ఏనాడూ ఎగరేసినవాణ్ణి కాదు.

ఇక ఆ మోచేతి బంతి. దీనికి ఎటు వస్తుందో తెలియకూడదు. ఎడమకో, కుడికో, మోచేతికో, విసిరేవాళ్ళ ఇష్టం. ముప్ఫై నాలుగేళ్ళు కౌంటర్ వెనక కూచున్న మొహం కదా, నాన్న ఎటు విసురుతారో దేవుడికి కూడా తెలిసేది కాదు. నేను తిట్టుకునేవాణ్ణి, నాన్న రాసుకునేవారు. మధ్యలో కూచున్నప్పుడు కబుర్లు. వాళ్ళ రోజుల్లో గేముకి 21 పాయింట్లు, 2001లో 11 చేశారని చెబితే, "సగం పనికి పూర్తి జీతమన్నమాట" అన్నారు.

అలా కూచున్నప్పుడే ఓరోజు ఉన్నట్టుండి, "అప్పట్లో నీ బ్యాట్ ఎంతరా?" అన్నారు. ఏ బ్యాటో చెప్పక్కర్లేదు. ఇంటర్ రెండో సంవత్సరంలో స్లిప్ టెస్టులో మార్కులు తగ్గాయని బీరువాలో పెట్టి తాళం వేసిన బ్యాట్. ఎంసెట్ అయ్యాక తీసిస్తే, రబ్బరు ఎండి చెక్కనుంచి లేచిపోయింది. నేను అప్పుడు ఏమీ అనలేదు. తర్వాత కూడా అనలేదు, కానీ మర్చిపోనూ లేదు.

"మూడొందల యాభై" అన్నాను.

నాన్న తలూపారు. అంతకుమించి ఆయనా ఏమీ అనలేదు. లేచి బుట్ట దగ్గరికెళ్ళి, "రా, ఇంకో యాభై" అన్నారు. ఆరోజు నావి ముప్ఫై ఆరు పడ్డాయి. ఆ పుస్తకంలో నా స్లిప్ టెస్టుల మార్కులు రాసినట్టే, అదే గుండ్రటి అంకెలతో రాశారు. వింతేమిటంటే ఈసారి నాకు ఒళ్ళు మండలేదు.

వాళ్ళు తిరిగి వెళ్ళే ముందు శుక్రవారం నాన్నని లీగ్‌కి తీసుకెళ్ళాను. అదే పాప. ఒక గేము నేను గెలిచాను, మూడు తను. కారెక్కాక నాన్న పుస్తకం తీసి, "మోచేతి మీదికి పద్నాలుగు వేసింది. తొమ్మిది తీశావు" అన్నారు. స్కోరు ఆయన రాసుకోనే లేదు.

ఇప్పుడు బంతులు విసిరేవాళ్ళు లేరు. మా ఆవిడ రెండురోజులు విసిరి బుట్ట నా చేతికిచ్చేసింది. బంతులు విసిరే రోబో ఒకటి కొందామని చూస్తున్నాను. ఎటు వస్తుందో తెలియకుండా మూలమూలకీ అదే పంపిస్తుందట. మొన్న ఆదివారం ఫోన్లో నాన్నకి చెప్పాను. అంతా విని, "ఎన్ని పడ్డాయో అది రాసుకుంటుందా?" అని అడిగారు.

నేను చూసినవాటిల్లో రాసుకునేది లేదు.