డీవీడీ జాగాలో హార్డ్ డిస్క్

ల్యాప్‌టాప్ తెరిస్తే ఎర్రగీతలు. డ్రైవులన్నీ నిండిపోయినాయి. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకునేవాడికి 500 జీబీ ఏ మూలకి? ఆదోనిలో ఒక షాపులో అడిగితే "కొత్తది తీసుకోన్నా, ఇది ముసల్దయిపోయింది" అన్నాడు. పత్తి అమ్మిన డబ్బు జేబులో ఉందనుకున్నాడేమో!

చివరికి బ్యాటరీ పీకి నేనే విప్పినా. డీవీడీ పెట్టి ఎన్నేళ్లయిందో. అడుగున ఒక్క స్క్రూ తీస్తే ఆ డ్రైవ్ సొరుగు మాదిరి బయటికొచ్చింది. ఆ ఖాళీలో పట్టే చట్రాన్ని క్యాడీ అంటారు. పాత హార్డ్ డిస్క్‌ను అందులో బిగించి, దాని అసలు చోట ఎస్‌ఎస్‌డీ పెట్టి, విండోస్ దాంట్లోకి ఎక్కించినా. మా ఎమ్మిగనూరులో గుంటమగ్గం తీసేసి, గుంత పూడ్చి, ఆ జాగాలో మంచం వేసుకున్న ఇళ్లున్నాయి. అట్లాంటిదే ఇదీ. ముందు ఆన్ కావడానికే నిమిషాలు పట్టేది, ఇప్పుడు టీ గ్లాసు చేతికొచ్చేలోపలే తెరుచుకుంటోంది.

ఇంత తెలివి చూపించి ఒక చోట బోల్తా పడ్డా. క్యాడీల్లో ఎక్కువగా రెండు మందాలుంటాయి: 9.5 మిల్లీమీటర్లు, 12.7 మిల్లీమీటర్లు. కొలవకుండా లావుది తెప్పించినా. దూరితే కదా! స్కేలు పెట్టి చూస్తే నాకు కావాల్సింది సన్నది. మళ్లీ ఆర్డరు, మళ్లీ నాలుగు రోజులు.

ఆ 12.7 ది కవరు చింపినా కొత్తదే. ఆదోని, ఎమ్మిగనూరు వాళ్లకి ఎవరికైనా పనికొస్తే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. డబ్బులొద్దు, టీ ఇప్పిస్తే చాలు.