నీలం రంగు పెన్సిలు

చిన్నప్పుడు నేను బొమ్మలు బాగా వేసేవాణ్ణి. బాగా అంటే మా క్లాసులో అందరికంటే బాగా, అంతే :-). పదో తరగతితో మానేశాను. ఆ తర్వాత ఇంటర్, ఎంసెట్, బెంగుళూరు, ఉద్యోగం.. మామూలు కథే. ఇరవై రెండేళ్ళ తర్వాత మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా అమ్మాయి డ్రాయింగు పుస్తకంలో ఓ ఖాళీ పేజీ కనబడితే చెయ్యి ఊరుకోలేదు.

ఏం వేశానో చెప్పుకోండి చూద్దాం. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కిందకి ఓ ఏరు, గట్టున పూరిల్లు, రెండు కొబ్బరిచెట్లు! మన బళ్ళలో చదివిన ప్రతివాడూ వేసిన బొమ్మే. చెయ్యి ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కణ్ణుంచే మొదలెట్టింది.

నాయన చూసి "ఏట్లో నీళ్ళు యాడివిరా?" అన్నాడు.

నిజమే కదా. మాది అనంతపురం జిల్లా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే. పెన్నలో నేను ఎక్కువగా చూసింది ఇసకే. అయినా చిన్నప్పుడు నా రంగుపెన్సిళ్ళలో అన్నిటికంటే ముందు అరిగిపోయేది నీలం.

మర్నాడు అందరం లేపాక్షి వెళ్ళాం (2022 నుంచి అది సత్యసాయి జిల్లా, నా నోటికింకా అలవాటు కాలేదు). వీరభద్రస్వామి గుడి పైకప్పు మీది పదహారో శతాబ్దపు బొమ్మలు పదిసార్లైనా చూసుంటాను. ఈసారి రంగులు చూశాను. ఎరుపు, పసుపు, గోధుమ, తెలుపు, మనుషుల చుట్టూ నల్లగీత. నీలం లేదు! మెడ నొప్పెట్టేదాకా వెతికాను. అవన్నీ మా చేలో ఉండే రంగులే.

తిరిగొచ్చాక చేనిగట్టున కూర్చున్నాను. కొండ వెయ్యబోతే మళ్ళీ త్రికోణమే వస్తుంది. మా కొండ అలా ఉండదు, గుండ్లు పేర్చి మధ్యలో విసుగొచ్చి వదిలేసినట్టుంటుంది. మూడు కాగితాలు చింపాక ఏదో కుదిరింది. ముందు శెనక్కాయ పీకేసిన ఎర్రనేల, ఓ మూల చింతచెట్టు.

నాయనకి చూపిస్తే నా చేతిలో పెన్సిలు తీసుకుని నేలమీద ఓ చుక్క పెట్టాడు. "ఈడొగటి ఏపిచ్చినాం. ఈడ ఇంగొగటి." మూడోది చింతచెట్టు పక్కన. బోర్లు ఎండిపోయాయని తెలుసు గానీ, ఎన్ని వేశారో ఎక్కడ వేశారో నేనెప్పుడూ అడగలేదు.

"అంతేనా?" అన్నాను.

"నాలుగోది ఏయలేదు. ఆ దుడ్లు నీ కాలేజీకి కట్టినాం."

ఆ మాట అనేసి, బొమ్మని కాస్త దూరంగా పట్టుకుని చూసి, చింతచెట్టు మరీ చిన్నగా వచ్చింది, పెద్దది చెయ్యమన్నాడు. చెట్టు పెంచితే మూడో చుక్క కనబడదు. ఇంకా ముట్టుకోలేదు.