ఈల వేస్తే పొంగిన నీళ్ళు

రాజభవనాల చరిత్ర చదివేటప్పుడు ఎవరు కట్టించారు, ఎన్ని గదులు, ఎంత బంగారం అని చూస్తాం. తోట దగ్గరికి వచ్చేసరికి నాలుగు పూలచెట్ల పేర్లు చదివి ముందుకు సాగిపోతాం. కానీ గోడ ఒకసారి కడితే నిలుస్తుంది, తోటను మాత్రం రోజూ బతికించుకోవాలి. కృష్ణ ఒడ్డు పల్నాటిలో పుట్టి కూడా వేసవిలో బోరింగు దగ్గర బిందెల వరుసలో నిలబడ్డవాణ్ణి కనుక, ఎంత గొప్ప ఉద్యానవనం చూసినా నాకు మొదట తట్టేది ఒకటే ప్రశ్న: దీనికి నీళ్ళెక్కడివి?

ఫ్రాన్సులోని వెర్సాయ్ తోటను ఆ ప్రశ్న అడిగితే వచ్చే జవాబు చాలా పెద్దది.

ఆ కథ అసూయతో మొదలవుతుంది. 1661 ఆగస్టు 17న ఆర్థికమంత్రి ఫూకే తన కొత్త భవనంలో పద్నాలుగవ లూయీకి విందు చేశాడు. భవనం, దాని ముందు తోట, తోటలో జలయంత్రాలు, అన్నీ రాజుగారి దగ్గర ఉన్నవాటికంటే మిన్నగా ఉన్నాయి. రాజుకి అప్పటికి ఇరవైరెండేళ్ళు. మూడు వారాలు తిరక్కుండానే ఫూకే ఖైదీ అయ్యాడు, 1680లో చెరలోనే పోయాడు. అతని వాస్తుశిల్పి, చిత్రకారుడు, తోటపని నిపుణుడు ముగ్గురూ రాజుగారి కొలువుకు చేరారు. నారింజ చెట్లు సైతం వేళ్ళతో సహా తరలివెళ్ళాయి.

ఆ తోటపని నిపుణుడే ఆంద్రే ల నోత్ర్. తండ్రి, తాత కూడా రాజోద్యానంలో తోటమాలులే. వెర్సాయ్‌లో అప్పటికి ఉన్నది లూయీ తండ్రి వేటకోసం కట్టుకున్న చిన్న భవనం, చుట్టూ చిత్తడి నేల, అడవి. అక్కడ ల నోత్ర్ గీత గీసినట్టు బాటలు తీశాడు, చెట్లను గోడలుగా కత్తిరించాడు, సుమారు 1670 మీటర్ల పొడవైన కాలువ తవ్వించాడు. ప్రకృతి కూడా రాజాజ్ఞకు లోబడుతుందని చూసినవాడికి అనిపించాలి. ఆ తోట ఉద్దేశం అదే. ఆ తోటను ఏ వరుసలో చూడాలో, ఎక్కడ ఆగాలో రాజు స్వయంగా రాసి పెట్టాడు కూడా!

అన్నీ లోబడ్డాయి గానీ నీరు లోబడలేదు. దగ్గరలో పెద్ద నది లేదు. వందల ఫౌంటెన్లు ఒక్కసారి ఆడితే చెరువులు ఖాళీ అయ్యేవి. అందుకని మంత్రి కోల్బేర్ హయాంలో ఒక ఏర్పాటు జరిగింది. రాజుగారు వస్తున్న జాడ తెలియగానే పనివాళ్ళు ఒకరికొకరు ఈలలతో సంకేతం ఇచ్చుకోవాలి. ఆయన మలుపు తిరిగేసరికి ముందున్న ఫౌంటెన్ చిమ్మాలి, దాటిపోగానే వెనకది ఆగిపోవాలి. ప్రపంచమంతా పొంగుతూనే ఉందని రాజుగారికి కనిపించాలి, అంతే. సూర్యరాజునని చెప్పుకున్నవాడి వైభవం పొదల చాటున నిలబడ్డ కుర్రవాళ్ళ ఈలమీద ఆధారపడింది.

అది చాలక సెయిన్ నది మీద మార్లీ యంత్రం వెలిసింది. 1684లో పని ప్రారంభించిన ఈ యంత్రానికి 14 పెద్ద చక్రాలు, రెండువందలకు పైగా పంపులు. నదినీటిని నూటయాభై మీటర్ల ఎత్తుకు తోడేది. దాన్ని నిర్మించినవాడు లియేజ్ ప్రాంతపు వడ్రంగి రెన్నెకిన్ సువలెమ్. తీరా చూస్తే ఆ నీళ్ళూ సరిపోలేదు. యూర్ నదినే మళ్ళిద్దామని దాదాపు 80 కిలోమీటర్ల కాలువకు పథకం వేశారు. వేల సంఖ్యలో సైనికులను మట్టిపనికి దించారు. జ్వరాలతో వాళ్ళు గుంపులుగా పోయారు. 1688లో యుద్ధం రావడంతో పని ఆగింది, మళ్ళీ సాగలేదు. మెంతనో ఊరి దగ్గర ఆ కాలువ వంతెన కమానులు శిథిలంగా నేటికీ నిలబడి ఉన్నాయి. ఒక్క చుక్క నీరు కూడా వాటిమీదుగా వెర్సాయ్ చేరలేదు.

నేను వెర్సాయ్ చూసింది శీతాకాలంలో. విగ్రహాలకు ముసుగులు వేసి ఉన్నాయి, ఫౌంటెన్లు ఆగి ఉన్నాయి. అన్నిటిలోనూ నన్ను ఆపింది లతోనా కొలను. పసిబిడ్డలతో దాహమై వచ్చిన లతోనా దేవతను నీళ్ళు తాగనివ్వని పల్లెజనం కప్పలుగా మారిన గ్రీకు కథ అది. నీళ్ళు ఇవ్వని రైతులకు శాపం పెట్టే కథను, రైతుల నీళ్ళు తన తోటకు మళ్ళించుకోజూసిన రాజు నట్టనడుమ ప్రతిష్ఠించుకున్నాడు! ఆ కప్పలన్నీ నోళ్ళు తెరుచుకుని ఎండిపోయి ఉన్నాయి.

మనకూ ఆ రాజుకూ ఒక చిన్న లంకె ఉంది. తావెర్నియే అనే వర్తకుడు అతనికి అమ్మిన పెద్ద నీలిరంగు వజ్రం మన కొల్లూరు గనిదని భావిస్తారు. అక్కడ అరవైవేలమంది, ఆడవాళ్ళూ పిల్లలతో సహా, పనిచేసేవారని ఆ వర్తకుడే రాసుకున్నాడు. ఆ వజ్రంలో మిగిలిన భాగం ఇప్పుడు వాషింగ్టన్‌లో హోప్ వజ్రం పేరిట ఉంది. ఇక కొల్లూరు, 2013లో ప్రారంభమైన పులిచింతల జలాశయంలో మునిగిపోయింది. మా అమ్మమ్మగారి మిరపచేలు కూడా ఆ నీళ్ళ కిందనే ఉన్నాయి. అమ్మ ఆ జలాశయం వైపు చూడదు. అయినా ఒక మాట అంటుంది: "పోనీలేరా, కింద డెల్టాలో నాట్లు పడుతున్నాయిగా."

నీళ్ళు ఒకరి దగ్గరనుంచి ఇంకొకరి దగ్గరికి పోవడం ఎప్పుడూ ఉన్నదే. పోయిన నీళ్ళు ఏం చేశాయన్నదే లెక్క. మా అమ్మ లెక్క ముందు రాజుగారి తోట నాకు చాలా చిన్నదిగా తోచింది.

అలాగని దాన్ని ద్వేషించలేకపోయాను. 1789 అక్టోబరు 6న రాజకుటుంబం వెర్సాయ్ విడిచింది, తిరిగి రాలేదు. తోట మాత్రం ఉంది. 1999 డిసెంబరు తుఫానులో పదివేలకు పైగా చెట్లు కూలితే మళ్ళీ నాటారు. ఆనాటి పోత ఇనుప గొట్టాలలో కొన్ని ఇప్పటికీ పనిచేస్తున్నాయి. వేసవిలో ఫౌంటెన్లు ఆడే రోజుల్లో పనివాళ్ళు నేటికీ చేత్తోనే కవాటాలు తిప్పుతారు. ఇప్పుడా నీళ్ళు పొంగేది టిక్కెట్టు కొనుక్కుని పిల్లల్ని భుజాన ఎత్తుకుని వచ్చినవాళ్ళ కోసం.

మీలో ఎవరైనా ఆ వైపు వెళితే వేసవిలోనే వెళ్ళండి. నీళ్ళు పైకి లేచినప్పుడు అందరూ ఫౌంటెన్ వైపు చూస్తారు. మీరు ఒక్కసారి పక్కకు తిరిగి, కవాటం దగ్గర వంగి ఉన్న మనిషిని కూడా చూడండి.