ఓడలో నీళ్ల ఖర్చు

టికెట్లు కొన్న మర్నాటి నుంచే ఓడ కంపెనీ మెయిళ్లు మొదలయ్యాయి. వైఫై ముందే కొనుక్కోండి, ఫొటోల ప్యాకేజీ తీసుకోండి, కూల్‌డ్రింకులకు రోజుకింత కట్టండి, మీ గదికి నీళ్ల సీసాల పెట్టె చేర్చమంటారా అని. మిగతావాటిని మేమెవరమూ పట్టించుకోలేదు. నీళ్ల దగ్గర మాత్రం మా ఆయన ఆగారు. కనిగిరి నుంచి అమ్మా నాన్నా వచ్చి హ్యూస్టన్‌లో మా దగ్గర ఉన్నారు. వాళ్లనీ, మా అబ్బాయినీ తీసుకుని గాల్వెస్టన్ రేవులో ఓడెక్కి, మెక్సికోలోని కోజుమెల్ దీవి చూసి రావాలని అనుకున్నాం. అయిదు రాత్రుల ప్రయాణం. "అత్తయ్యగారూ మామయ్యగారూ పెద్దవాళ్లు. నీళ్ల దగ్గర వెనకాడొద్దు, కొనేద్దాం" అన్నారాయన.

ఆ మాటలోని ప్రేమ నాకు తెలుసు. అయినా ఏ ఖర్చునైనా కాగితం మీద పెట్టి చూడనిదే నాకు మనసొప్పదు. మనిషికి రోజుకు రెండు లీటర్లు అనుకుంటే అయిదుగురికి పది లీటర్లు, అయిదు రోజులకు యాభై. అంటే అరలీటరు సీసాలు వంద. ఓడలో బార్ దగ్గర ఒక్కో సీసా మూడు డాలర్లు, దానిమీద సర్వీసు ఛార్జీ 18 శాతం. మొత్తం 354 డాలర్లు, మన డబ్బుల్లో ముప్పై వేల రూపాయలకు పైనే. ముందుగా పెట్టెల లెక్కన ఆర్డరు చేస్తే తగ్గుతుంది గానీ, అప్పటికీ బయటి ధరకు ఎన్నో రెట్లు. మేం నెలవారీ సామాన్లు తెచ్చుకునే హోల్‌సేల్ దుకాణంలో అవే సీసాలు ఒక్కోటి పది పన్నెండు సెంట్లు. పోనీ ఇంటినుంచి మోసుకెళదామా అంటే దానికీ హద్దులున్నాయి. కొన్ని కంపెనీలు నీళ్ల సీసాలను రేవులోనే ఆపేస్తాయి, కొన్ని గదికింత అని లెక్కపెట్టి అనుమతిస్తాయి.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఓడలో నీళ్లకు మనం ముందే డబ్బు కట్టేశాం. భోజనాల హాల్లో గ్లాసులో పోసే నీళ్లు, బఫే దగ్గర యంత్రం నుంచి పట్టుకునే నీళ్లు, ఐసు, టీకి వేడినీళ్లు, గదిలో కొళాయి నీళ్లు, అన్నీ టికెట్టులో భాగమే. సీసా కొన్నామంటే ఒక వస్తువుకు రెండోసారి డబ్బు కడుతున్నట్టు. రెండోసారి కట్టడానికి సరైన కారణం ఒకటే ఉండగలదు: మొదటివి తాగడానికి పనికిరాకపోవడం. కాబట్టి తేల్చుకోవలసింది ధర సంగతి కాదు, నీళ్ల సంగతి.

నీళ్ల సంగతి తేల్చాలంటే మా ఇంట్లో నాన్నను మించినవాళ్లు లేరు. ఆయన గ్రామీణ నీటి సరఫరా శాఖలో, అదే ఆర్‌డబ్ల్యూఎస్‌లో, వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. మా కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల నేల నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును వైద్యులు మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఆ రోజుల్లో మా వైపు ఊళ్లు నెల్లూరు జిల్లాలోవే. గారపట్టిన పళ్లు, వంగిపోయిన కాళ్లు మేం చిన్నప్పటినుంచీ చూసినవే. కంటికి తేటగా కనిపించే నీళ్లు కూడా మనిషిని కుంగదీస్తాయని, కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదని మా ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. అలాంటి చోటినుంచి వచ్చినవాళ్లకు కొళాయి మీద అనుమానం ఉండటం చాదస్తం కాదు. సీసా నీళ్లు కొనేవాళ్లను నేనెప్పుడూ తప్పుపట్టను. నాన్న కూడా "అందరూ తాగుతున్నారు కదా" అంటే వినే మనిషి కాదు. "ఆ నీళ్లు ఎక్కడివి, ఎట్లా శుభ్రం చేస్తారు, చివరి కొళాయి దగ్గర క్లోరిన్ ఎంత? ఈ మూడూ కనుక్కోమ్మా" అన్నారు.

కనుక్కున్నాను. ఓడకు నీళ్లు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి, రేవులో ఊరి నీళ్లను గొట్టాలతో ట్యాంకులకు ఎక్కించుకోవడం. రెండోది, నడిసముద్రంలో తయారుచేసుకోవడం. ఆ తయారీలో మళ్లీ రెండు పద్ధతులున్నాయి. ఇంజన్‌ను చల్లబరిచి వేడెక్కిన నీటి నుంచి ఆ వేడిని తీసుకుని, గాలి పీడనం తగ్గించిన గదిలో సముద్రపు నీటిని తక్కువ వేడికే ఆవిరి చేసి, ఆ ఆవిరిని మళ్లీ నీరుగా దించుకోవడం ఒక పద్ధతి. మరొకటి ఆర్‌ఓ, అంటే నీటిని ఒత్తిడితో సన్నటి పొర గుండా తోసి ఉప్పును వడకట్టడం. ఇది చదివి వినిపించగానే నాన్న ముఖం తేటపడింది. మన ఊళ్లలో 2014 తర్వాత ఎన్టీఆర్ సుజల పేరుతో రెండు రూపాయలకు ఇరవై లీటర్ల క్యాన్ ఇచ్చిన ప్లాంట్లలో ఉన్నదీ ఆ పొరే. కాకపోతే బోరు నీళ్లలో లీటరుకు వెయ్యి, రెండువేల మిల్లీగ్రాముల లవణాలుంటే సముద్రపు నీళ్లలో 35 వేలు. అందుకే ఓడలో పంపుల ఒత్తిడి ఎన్నో రెట్లు ఎక్కువ. ఏ పద్ధతిలో వచ్చినా ఆ నీళ్లు మరీ ఉత్తనీళ్లు. ఖనిజాలు పెద్దగా లేని నీరు గొట్టాలను తినేస్తుంది కాబట్టి సున్నపు జాతి రాళ్ల పొర గుండా పంపి కాల్షియం కలుపుతారు. ఆ తర్వాత క్లోరినో బ్రోమినో కలిపి ట్యాంకుల్లోకి వదులుతారు.

ఇక పర్యవేక్షణ. విదేశీ రేవులకు వెళుతూ అమెరికా రేవులకు వచ్చే ప్రయాణికుల ఓడలను ఇక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ తనిఖీ చేస్తుంది. దీనికోసం 1970లలోనే ప్రత్యేకంగా ఒక కార్యక్రమం పెట్టారు. ముందుగా చెప్పకుండా ఓడెక్కి, వంటశాల నుంచి ఈత కొలను దాకా చూసి నూటికి మార్కులు వేస్తారు. 86 వస్తే పాసు, 85 అయితే ఫెయిలు. వాళ్ల నిబంధనల ప్రకారం రేవులో ఎక్కించుకున్న నీళ్లకైనా, తయారుచేసిన నీళ్లకైనా మొదటే లీటరుకు కనీసం 2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండేలా చూడాలి. గొట్టాల చివరన 0.2కు తగ్గకూడదు, 5కు మించకూడదు. ఆ కొలతను యంత్రం రాత్రీ పగలూ నమోదు చేస్తూనే ఉండాలి. నెలకు కనీసం నాలుగు చోట్ల నీళ్లు పట్టి ఈ-కోలై పరీక్ష చేయాలి. రేవులోనూ, మురికి నీళ్లున్న చోటా సముద్రపు నీటిని తోడి మంచినీళ్లు తయారుచేయకూడదు.

"0.2 అంటే మాదే కదమ్మా!" అన్నారు నాన్న. నిజంగానే మన దేశపు తాగునీటి ప్రమాణంలోనూ క్లోరిన్ కనీస మోతాదు అదే. ఓవర్‌హెడ్ ట్యాంకులో బ్లీచింగ్ కలిపించాక ఊరి చివర కొళాయి దాకా నడిచి వెళ్లి, గాజు గొట్టంలో నీళ్లు పట్టి, రెండు చుక్కల మందు వేసి, పసుపు రంగు తేలుతుందో లేదో చూడటమే ఆయన ఉద్యోగం. ట్యాంకు దగ్గర ఎంత కలిపారన్నది ఆయనకు ఎప్పుడూ ముఖ్యం కాదు. చివరి ఇంటి దగ్గర కొంత మిగిలిందంటే, దారిలో చంపాల్సినవాటిని చంపగా మిగిలిందని అర్థం.

సీడీసీ వెబ్‌సైటులో ఓడ పేరు కొట్టి చూస్తే తనిఖీ నివేదిక ఎవరికైనా దొరుకుతుంది, డబ్బు కట్టనక్కర్లేదు. మా ఓడకు తొంభై దాటి మార్కులొచ్చాయి. నాన్న మార్కుల దగ్గర ఆగలేదు, మార్కులు ఎక్కడ పోయాయో చదవమన్నారు. గిన్నెలు కడిగే యంత్రంలో వేడి చాలకపోవడం, ఒక ఫ్రిజ్ తలుపు రబ్బరు చిరగడం, అలాంటివి. తాగునీటి భాగంలో మార్కులేమీ పోలేదు. మీరు కూడా మొత్తం మార్కులు చూసి ఊరుకోకండి. 95 వచ్చిన ఓడకు పోయిన అయిదూ నీళ్ల దగ్గరే పోయి ఉంటే అది వేరే విషయం. అరగంట చదివితే తేలే పని ఇది. ఆ సాయంత్రమే నీళ్ల పద్దు ఎదురుగా సున్నా వేశాను. మా ఆయన కూడా సరేనన్నారు.

ఓడలో మొదటి రాత్రి నాన్న గదిలోని బాత్‌రూమ్ కొళాయి కాసేపు వదిలి గాజు గ్లాసులో నీళ్లు పట్టారు. మా కాలనీ ఈతకొలనులో వాడే పరీక్ష కాగితం పట్టీలు కొన్ని నాతో తెప్పించుకున్నారు. పట్టీని నీళ్లలో ముంచి, దీపం కిందకు తెచ్చి, డబ్బా మీది రంగుల వరసతో పోల్చి చూశారు. తెల్లటి చదరం నెమ్మదిగా లేత గులాబీకి తిరిగి, సున్నా తర్వాతి గడికి సరిపోయింది. అప్పుడు ఒక గుక్క తాగి "చప్పగా ఉన్నాయి, మందు వాసన కాస్త ఉంది. తాగొచ్చు" అన్నారు. అమ్మ కూడా ఆ తర్వాతే తాగింది.

ఆ చప్పదనానికీ వాసనకూ ఖర్చులేని ఉపాయాలున్నాయి. నీళ్లు జగ్గులో పట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే వాసన చాలావరకు పోతుంది. బఫేలో నిమ్మ ముక్కలు ఎప్పుడూ ఉంటాయి. జగ్గు లేకపోతే గది శుభ్రం చేసే అతన్ని అడగండి, ఐసుతో సహా తెచ్చిపెడతాడు. రాత్రి బీపీ మాత్ర వేసుకునే అమ్మకు ఈ ఏర్పాటు బాగా కుదిరింది. వేడినీళ్లే తాగే పెద్దవాళ్లుంటే ఒక ఫ్లాస్కు పెట్టుకెళ్లండి. అమెరికా ఓడల్లో గదుల్లో సాధారణంగా కెటిల్ ఉండదు, మనం తెచ్చుకున్నా నిప్పు భయంతో తీసేసుకుంటారు. బఫేలో టీ దగ్గర ఉండే వేడినీళ్లే పట్టుకోవాలి. గదిలో వేడినీళ్ల వైపు కొళాయి మాత్రం తాగడానికి వాడకండి. డెక్కు కడిగే గొట్టాల దగ్గర, 'తాగేందుకు కాదు' అని రాసిన కొళాయిల దగ్గర సీసా పట్టకండి.

ఒక మర్యాద కూడా ఉంది. మన సీసా మూతిని బఫేలోని నీళ్ల యంత్రానికి ఆనించి పట్టకూడదు. మనం నోరు పెట్టి తాగిన సీసా అది. శుభ్రమైన గ్లాసులో పట్టుకుని, గ్లాసులోంచి సీసాలోకి ఒంపుకోవాలి. ఓడలో కడుపు జబ్బులు ఎక్కువగా వ్యాపించేది నోరోవైరస్ వల్ల. అది చేతులనుంచి, ముట్టుకున్న వస్తువులనుంచి, తిండినుంచి పాకుతుంది. ఆల్కహాల్ శానిటైజర్‌కు అది సరిగ్గా లొంగదు, సబ్బు పెట్టి చేతులు కడుక్కోవాల్సిందే. మా అబ్బాయి ప్రతి భోజనానికి ముందూ చేతులు కడిగాడో లేదో చూడటం మీద పెట్టిన శ్రద్ధ, ఏ నీళ్ల సీసా మీద పెట్టే డబ్బుకన్నా విలువైందని నా నమ్మకం.

గదిలో ఫ్రిజ్ మీద, బల్ల మీద అందంగా పెట్టి ఉండే సీసాల మెడలో ఒక చీటీ ఉంటుంది, చదవండి. మూత తీస్తే డబ్బు గది ఖాతాలో పడుతుంది. ఓడలో చేతికి నోటు తగలదు, అన్నిటికీ ఒకటే కార్డు. అందుకని మేం ప్రతి రాత్రీ యాప్‌లో ఖాతా చూసుకునేవాళ్లం. దిగే రోజు పొద్దున చూసుకుంటే కౌంటరు దగ్గర బారులు తీరి ఉంటారు, అడిగే ఓపిక మనకూ ఉండదు.

కోజుమెల్‌లో దిగిన రోజు మాత్రం నా లెక్క వేరు. ఓడ మెట్ల దగ్గర చల్లటి సీసాలు పేర్చి అమ్ముతారు, అవి అవసరం లేదు. ఓడ నీళ్లతోనే మా సీసాలు నింపుకుని దిగాం. కానీ ఆ ఎండలో అవి మధ్యాహ్నానికే అయిపోయాయి. ఊరి కొళాయి నీళ్లు ప్రయాణికులు తాగవద్దంటారు, ఆ నీళ్లతో చేసిన ఐసు కూడా. అక్కడ దుకాణంలో సీలున్న పెద్ద సీసాలు కొన్నాం, ధర అడగకుండానే కొన్నాం. ప్రమాదం ఉన్నచోట పొదుపు చేయడం నాకు చేతకాదు.

నీళ్ల మీద మిగిలిన డబ్బును అమ్మానాన్నల వైద్య బీమా వైపు మళ్లించాం. చూడవచ్చిన పెద్దవాళ్లకు ఇక్కడ తీసుకునే పాలసీల్లో చాలావాటికి అమెరికా గట్టు దాటగానే షరతులు మారిపోతాయి. నడిసముద్రంలో పనిచేస్తుందా, మెక్సికోలో పనిచేస్తుందా, ముందునుంచీ ఉన్న బీపీ హఠాత్తుగా ముదిరితే ఇస్తారా? ఈ మూడు ప్రశ్నలకూ రాతపూర్వకంగా జవాబు తెప్పించుకున్నాకే పాలసీ మార్చి తీసుకున్నాం. ఓడలో డాక్టరు చూస్తే బిల్లు నేరుగా గది ఖాతాలోకి వస్తుంది, తర్వాత మనం బీమా కంపెనీ నుంచి రాబట్టుకోవాలి. అందుకే క్రెడిట్ కార్డులో కొంత పరిమితి ఖాళీగా ఉంచుకున్నాం కూడా.

ఈ మధ్య ఒంగోలు నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. చెన్నైలో ఓడెక్కి విశాఖపట్నం వెళ్లాలనుకుంటున్నారట, కొళాయి నీళ్లు తాగొచ్చా అని అడిగింది. నేను చదివిన నివేదికలు అమెరికా రేవులకు వచ్చే ఓడలవి, వాటిని చూసి ఆ ఓడ సంగతి చెప్పలేను. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల కింద ఓడలకు శుభ్రత ధ్రువపత్రం ఉంటుంది, అది ఆరు నెలలే చెల్లుతుంది, మన రేవుల్లో పోర్ట్ హెల్త్ ఆఫీసువాళ్లు ఇస్తారు. టికెట్టు కొనేముందే కంపెనీకి మెయిల్ పెట్టమన్నాను. ఆ పత్రం ఏ తేదీదో, గదిలో కొళాయి నీళ్లు తాగడానికేనో, భోజనాల దగ్గర నీళ్లు ఊరికే ఇస్తారో లేదో అడగమన్నాను. తాగొచ్చని తిన్నగా జవాబిస్తే ఒక్క సీసా కూడా కొనొద్దన్నాను. నాన్చితే మాత్రం, పిల్లలున్న ఇల్లు కాబట్టి, ఎన్ని రోజులుంటే అన్ని రోజులకూ సీలు సీసాలే కొనుక్కోమన్నాను.