ఆంటీవైరస్ ఆపెయ్యమంటే ఆపేద్దామా?

"మీ ఆంటీవైరస్ ఏమన్నా పట్టించుకోకండి, అది ఫాల్స్ పాజిటివ్. కాసేపు దాన్ని ఆపేసి ఇన్‌స్టాల్ చేసుకోండి."

పాత కంప్యూటర్ గేములకి అభిమానులు తయారుచేసే ప్యాచ్‌ల రీడ్‌మీల్లో ఈ ముక్క తరచూ కనబడుతుంది. చిత్రమేమిటంటే, చాలాసార్లు అది నిజమే. ఇంకా చిత్రమేమిటంటే, మన కంప్యూటర్లోకి దొంగ ప్రోగ్రాముని దూర్చాలనుకున్నవాడు రాసేదీ పొల్లుపోకుండా ఇదే ముక్క! మరి వీళ్ళిద్దరికీ తేడా కనిపెట్టేదెలా?

"కంపెనీ ఇచ్చిన గేము ఉన్నదున్నట్టు ఆడుకోక, ఈ అనధికార ప్యాచ్‌ల గొడవెందుకు?" అనేవాళ్ళుంటారు. కంపెనీ వదిలేశాక ఆ గేముకి దిక్కెవరండీ? 2015లో వచ్చిన విండోస్ 10లో సేఫ్‌డిస్క్ అనే కాపీ ప్రొటెక్షన్ పనిచెయ్యకుండా చేశారు. దాని డ్రైవర్ వల్ల భద్రతకి ముప్పు కాబట్టి తీసెయ్యడం సబబే. కానీ డబ్బులు పోసి కొన్న ఒరిజినల్ సీడీ పెట్టినా గేము మొదలవ్వకపోతే ఆ కొన్నవాడేం చెయ్యాలి?

ఇంకో ఉదాహరణ. జీటీఏ శాన్ ఆండ్రియాస్ పీసీకి వచ్చింది 2005లో. విండోస్ 11లో 24హెచ్2 అప్‌డేట్ వేసుకున్నవాళ్ళకి అందులో స్కిమ్మర్ అనే నీటి విమానం కనబడకుండా పోయింది. అందరూ మైక్రోసాఫ్ట్‌ని తిట్టారు. తీరా చూస్తే తప్పు గేముదే. డేటా ఫైల్లో ఆ విమానం వరసలో చక్రాల సైజు రాయలేదు. కోడ్ ఆ వేరియబుల్స్‌కి ముందుగా ఏ విలువా ఇవ్వలేదు. అంతకుముందు చదివిన వాహనం విలువలు స్టాక్ మీద మిగిలిపోయి ఉండటంవల్ల ఇరవయ్యేళ్ళపాటు బండి నడిచిపోయింది. కొత్త విండోస్ ఆ చోటుని వేరే పనికి వాడేసరికి గుట్టు బయటపడింది. 2025లో ఇదంతా తవ్వితీసి వివరంగా రాసింది కంపెనీ కాదు, సైలెంట్‌ప్యాచ్ అనే అనధికార ప్యాచ్ తయారుచేసే ప్రోగ్రామర్. ఇలాంటివాళ్ళని అనుమానించాలంటే నాకే మనసొప్పదు.

మరి ఆంటీవైరస్ ఎందుకు అరుస్తుంది? దాని బాధ దానిది. సోర్స్ కోడ్ చేతిలో లేకుండా గేముని బాగుచెయ్యాలంటే దారులు తక్కువ. డీఇన్‌పుట్8.డీఎల్ఎల్ లాంటి విండోస్ ఫైలు పేరే పెట్టి ఇంకో ఫైలుని గేము ఫోల్డర్లో పడేస్తారు. ఇలాంటి ఫైళ్ళని విండోస్ ముందుగా ప్రోగ్రాము ఉన్న ఫోల్డర్లోనే వెతుకుతుంది కాబట్టి మనది లోపలికెళ్ళి కూర్చుంటుంది. తర్వాత నడుస్తున్న గేము మెమరీలోకి వెళ్ళి అక్కడి సూచనలని తిరగరాస్తుంది. ట్రోజన్ రాసేవాళ్ళు చేసేదీ అచ్చంగా ఇదే! పైగా ఈ ప్యాచ్‌ని యూపీఎక్స్ లాంటి ప్యాకర్‌తో కుదించి ఉండొచ్చు, డిజిటల్ సంతకం ఉండదు (సర్టిఫికెట్‌కి ఏడాదికి వందల డాలర్లు ఎవరు పెడతారు?), ప్రపంచం మొత్తంమీద దాన్ని దించుకున్నవాళ్ళు కొద్దిమందే. ఇన్ని అనుమానాలు ఒకచోట చేరితే ఏ కాపలావాడైనా అరుస్తాడు.

అంటే ఆంటీవైరస్ చాలాసార్లు "ఇది పాము" అని చెప్పట్లేదు, "ఇది పాములా ఉంది" అంటోంది. తాడుని చూసి పామనుకోవడం దానికి కొత్త కాదు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ విడుదల చేసిన 5958 నంబరు అప్‌డేట్, సాక్షాత్తూ విండోస్ ఎక్స్‌పీకి చెందిన ఎస్‌వీసీహోస్ట్.ఈఎక్స్ఈని వైరస్ అనుకుంది. దాంతో ఎన్నో ఆఫీసుల్లో కంప్యూటర్లు మళ్ళీమళ్ళీ రీస్టార్ట్ అవుతూ, నెట్‌వర్క్ పోగొట్టుకుని కూలబడ్డాయి.

ఇక్కడే అసలు ప్రమాదం. "నాన్నా పులి" కథ తెలుసు కదా. పది ప్యాచ్‌లకి పదిసార్లు ఉత్తుత్తినే అరిచిన ఆంటీవైరస్‌ని పదకొండోసారి ఎవరు నమ్ముతారు? పులి మాత్రం నిజంగానే వస్తుంది. 2015 మేలో జీటీఏ 5కి వచ్చిన యాంగ్రీ ప్లేన్స్, నోక్లిప్ అనే మాడ్‌లలో దొంగ ప్రోగ్రాము బయటపడింది. 2023 జూన్‌లో మైన్‌క్రాఫ్ట్ మాడ్‌ల ద్వారా ఫ్రాక్చరైజర్ పాకింది. దాన్ని ఎక్కించింది మాడ్‌లు రాసేవాళ్ళ అకౌంట్ల ద్వారానే. అది బ్రౌజర్లోని కుకీలని, లాగిన్ టోకెన్లని దొంగిలించింది. కాబట్టి "రాసినవాడు మంచివాడే" అన్న భరోసా కూడా పూర్తిగా సరిపోదు.

మా మేనల్లుడు ఈమధ్య ఫోన్ చేశాడు. "మామయ్యా, ఇది ఫాల్స్ పాజిటివేనట. ఆంటీవైరస్ ఆపెయ్యనా?"

"ఎవరు చెప్పార్రా?"

"రీడ్‌మీలో ఉంది."

"ఇంటికొచ్చినవాడు దొంగో కాదో వాడినే అడిగి తెలుసుకుంటావా?" అన్నాను. వాడు నవ్వాడు కానీ, ఆ కంప్యూటర్లోనే మా అక్క నెట్ బ్యాంకింగ్ చేస్తుంది, గ్యాసు బిల్లూ కరెంటు బిల్లూ కడుతుంది. పాస్‌వర్డులన్నీ బ్రౌజర్లోనే దాచి ఉన్నాయి. వాటిని ఎత్తుకుపోడానికి అడ్మిన్ అనుమతి కూడా అక్కర్లేదు, అదే యూజర్ పేరు మీద ఒక ప్రోగ్రాము నడిస్తే చాలు. ఒక విమానం కనబడ్డం కోసం పెట్టే పందెం ఎంత పెద్దదో ఆడేవాడికి తెలియట్లేదు.

వాడికి చెప్పినవే ఇక్కడా రాస్తున్నాను.

ఒకటి, ప్యాచ్‌ని తయారుచేసినవాళ్ళ సొంత పేజీ నుంచే దించుకోవాలి. అక్కడ షా-256 హాష్ ఇస్తే సరిపోల్చాలి. అది ఫైలు దారిలో మారలేదని మాత్రమే చెబుతుంది, మంచిదని కాదు.

రెండు, హెచ్చరికలో ఉన్న పేరు చదవాలి. జెనరిక్, హెయుర్, చివర్లో ఎంఎల్ లాంటివుంటే పోలికని బట్టి వేసిన ఊహ. రెడ్‌లైన్ లాంటి ఫలానా దొంగ పేరే చెబితే అక్కడితో ఆపెయ్యాలి. వైరస్‌టోటల్‌లో ఒకటో రెండో ఇంజన్లు ఊహగా అరవడం వేరు, పేరున్నవి పాతిక కలిసి ఒకే పేరు చెప్పడం వేరు. అలాగని అన్నీ నోరుమూసుకున్నంత మాత్రాన కొత్త ఫైలు మంచిదైపోదు.

మూడు, తొందరపడకూడదు. కొత్త వెర్షన్ వచ్చిన రోజే వేసుకోకపోతే కొంపలేం మునిగిపోవు. ఓ వారం ఆగితే పాము సంగతి ఎవరో ఒకరు కనిపెడతారు.

నాలుగు, మినహాయింపు ఇవ్వాల్సొస్తే ఆ ఒక్క ఫైలుకే ఇవ్వాలి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తానికి కాదు, ఆంటీవైరస్ మొత్తం ఆపేసీ కాదు.

ఐదు, గేములకి విండోస్‌లో వేరే యూజర్ అకౌంటు, అడ్మిన్ హక్కుల్లేకుండా. బ్యాంకు పనులు ఇంకో అకౌంట్లో. ఆడేవాడు అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టేస్తే మాత్రం ఆ గోడ ఉన్నా లేనట్టే.

ఇవన్నీ ఆడేవాళ్ళే చూసుకోవాలనడం కూడా న్యాయం కాదు. ఆంటీవైరస్ కంపెనీలు "ట్రోజన్" అని భయపెట్టే బదులు "ఈ కారణాలవల్ల అనుమానం" అని చెప్పొచ్చు. ప్యాచ్ రాసేవాళ్ళు సోర్స్ కోడ్ బయటపెట్టి, ఫైలుని ఆంటీవైరస్ కంపెనీలకి పంపి తప్పు దిద్దించొచ్చు. ఫాల్స్ పాజిటివ్ అని తెలియజెయ్యడానికి చాలా కంపెనీలకి ఫారాలున్నాయి. జీతం లేకుండా రాత్రుళ్ళు కూర్చుని ప్యాచ్ రాసేవాడి మీద ఇంకో బరువు పెడుతున్నానని తెలుసు. కానీ రీడ్‌మీలో "ఆంటీవైరస్ ఆపెయ్యండి" బదులు "మా ప్యాచ్ ఈ పని చేస్తుంది, అందుకే అది అరుస్తుంది, ఇలా సరిచూసుకోండి" అని నాలుగు వాక్యాలు రాయడానికి ఎంతసేపు పడుతుంది? అలా రాయని ప్యాచ్ ఎంత మంచిదైనా సరే, మా అక్క కంప్యూటర్లో మాత్రం వద్దు.